స్పేర్ మౌత్‌పీసు ఎన్ని ఉండాలి, ఏది ఉండాలి?

బ్యాండు వాయిద్యాల శీర్షికకు ఈసారి అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మౌత్‌పీసుల మీదే, అంటే ట్రంపెట్ వంటి వాయిద్యాలకు తగిలించి పెదవి ఆనించి ఊదే ముక్కల మీదే. పెళ్ళిళ్ళ సీజను ముందు ఈ సంగతి తేల్చుకోవడం మంచిదే కనుక ఈ నెల వాటికే చోటిస్తున్నాం. జవాబుల్లో కొన్ని మాటలు పదే పదే వస్తాయి. పెదవికి ఆనేది అంచు, దాని లోపల గుంటగా ఉండేది కప్పు, కప్పు అడుగున ఉన్న సన్నటి రంధ్రం గొంతు, వాయిద్యంలోకి దూరే భాగం కాడ. ఆ కాడ దూరే గొట్టాన్ని రిసీవర్ అంటున్నాం.

ప్రశ్న: మాది పెళ్ళిళ్ళకీ ఊరేగింపులకీ వెళ్ళే బ్యాండు. నాలుగు ట్రంపెట్లు, రెండు యూఫోనియంలు, ఒక ట్రాంబోన్, ఒక సూసాఫోన్ ఉన్నాయి. ఈమధ్య ఒక బరాత్‌లో ట్రంపెట్ మౌత్‌పీసు ఎక్కడో జారిపోయి, మా కుర్రాడు వాయిద్యం చంకన పెట్టుకుని నడవాల్సొచ్చింది. స్పేర్‌గా ఎన్ని కొనాలండీ? అన్నిటికీ సరిపోయేది ఏదైనా ఉందా?
– బ్యాండు మేస్త్రి, తెనాలి

జవాబు: అన్నిటికీ సరిపోయేది లేదండీ. కాడ కొలతలు వేరు, కప్పు వెడల్పులూ వేరు. మీ బ్యాండుకు తక్కువలో తక్కువ మూడు రకాలు కావాలి: ట్రంపెట్‌కు ఒకటి, ట్రాంబోన్-యూఫోనియం జాతికి ఒకటి, సూసాఫోన్‌కు ఒకటి. మీ దగ్గర పాత కార్నెట్ (ట్రంపెట్‌ను పోలిన వాయిద్యం) ఉంటే అది నాలుగో రకం. కార్నెట్ కాడ ట్రంపెట్ కాడ కంటే సన్నం, పొట్టి. ట్రంపెట్ మౌత్‌పీసు కార్నెట్‌లో కొనమటుకే దూరి ఆగిపోతుంది. కార్నెట్‌ది ట్రంపెట్‌లో పెడితే లోతుగా జారి వదులుగా ఊగుతుంది.

యూఫోనియం దగ్గర జాగ్రత్త పడాలి. వీటి రిసీవర్లు చిన్నవి, మధ్యస్థం, పెద్దవి అని మూడు రకాలుగా వస్తాయి. చిన్న రిసీవర్ ఉన్నదానికి మామూలు టెనర్ ట్రాంబోన్ మౌత్‌పీసు చక్కగా అమరుతుంది. మీ ట్రాంబోన్ మౌత్‌పీసు తీసి రెండు యూఫోనియంలలోనూ పెట్టి చూడండి. రెండింటిలో బిగిసి కూర్చుంటే మూడు వాయిద్యాలకూ ఒకే స్పేర్ సరిపోతుంది. ఒకదాంట్లో లోపలికి జారిపోయి ఊగితే దానికి విడిగా కొనక తప్పదు.

ఎన్ని అన్నది మీవాళ్ళు ఏం ఊదుతున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. నలుగురు ట్రంపెట్‌వాళ్ళూ ఒకే నంబరు (మౌత్‌పీసు మీద చెక్కే కొలత గుర్తు) మీద ఊదుతుంటే రెండు స్పేర్లు చాలు. నలుగురివీ నాలుగు రకాలైతే ఎవరి స్పేర్ వాళ్ళకే ఉండాలి, అప్పుడు నాలుగు. మీ బ్యాండంతటికీ మేం చెప్పే ముఖ్యమైన మాట ఇదొక్కటే: స్పేర్ అంటే రోజూ ఊదేదానికి కవల అయి ఉండాలి. కంపెనీ, నంబరు, అంచు మందం అన్నీ అవే. పెదవి కొన్నేళ్ళపాటు ఒక అంచుకు అలవాటుపడి ఉంటుంది. వేరే అంచు మీద పెడితే మొదటి పాటలోనే పై స్థాయి స్వరాలు తప్పుతాయి, అరగంటలో పెదవి అలిసిపోతుంది. అటువంటిది పెట్టెలో ఉన్నా అక్కరకు రాదు.

ఇంకొక సంగతి. ఒకే నంబరు చెక్కి ఉంది కదా అని రెండూ ఒకటే అనుకోవద్దు. దేశంలో బ్యాండు వాయిద్యాలకు పేరున్న మీరట్‌లో ధర తక్కువలో దొరికే మౌత్‌పీసులు మన బ్యాండ్లలో ఎక్కువగా వాడతారు. వాటిలో పనితనం ఉన్నవి ఉన్నాయి, ఒకే నంబరు మీద అంచు తేడాగా వచ్చినవీ ఉన్నాయి. కొట్టుకు వెళ్ళేటప్పుడు పాతది, వాయిద్యం రెండూ వెంట తీసుకెళ్ళండి. ముందు బొటనవేలి గోరు కొత్తదాని అంచు లోపలివైపు చుట్టూ నడిపించండి. ఎక్కడా తట్టుకోకూడదు. తర్వాత కాడను రిసీవర్‌లో నెమ్మదిగా పెట్టి, బిగించకుండా, పక్కలకు కదిలించి చూడండి. ఇసుమంత ఊగినా వద్దు. అర చుట్టు తిప్పి మళ్ళీ కదిలించండి, కాడ గుండ్రంగా లేకపోతే అప్పుడు బయటపడుతుంది. ఆఖరున రిసీవర్ అంచు దగ్గర కాడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి బయటికి తీసి కొలవండి. ట్రంపెట్‌కు అది 25 మి.మీ.కు కాస్త అటూ ఇటూ ఉండాలి, పాతదానితో సరిపోవాలి.

ఈ కొలత మీద ఎందుకింత పట్టుదల అంటే, కాడ కొన వైపు సన్నబడే తీరు సుమారు 20 మి.మీ. పొడవుకు 1 మి.మీ. అంటే కాడ మందం పదోవంతు మి.మీ. తగ్గినా మౌత్‌పీసు 2 మి.మీ. లోపలికి దిగిపోతుంది. కాడ కొనకూ లోపలి గొట్టం మొదలుకూ మధ్య ఉండాల్సిన చిన్న ఎడం మూసుకుపోతుంది. ఆ ఎడం మారితే స్వరాలు అందుకునే తీరు మారుతుంది, పై స్వరాలు శ్రుతిలో నిలవవు. మనిషి తన ఊపిరిదే లోపం అనుకుంటాడు.

సూసాఫోన్‌కు మౌత్‌పీసుతోపాటు మెడకూ మౌత్‌పీసుకూ మధ్య వచ్చే రెండు వంపు ముక్కలు, అదే బిట్లు, స్పేర్‌గా పెట్టుకోండి. మౌత్‌పీసు కంటే అవే ముందు పోతాయి. అవి లేకపోతే మౌత్‌పీసు ఉండీ లేనట్టే.

గుర్తు కోసం కప్పు బయటివైపు గోళ్ళరంగు చుక్క పెట్టండి, మనిషికొక రంగు. కాడ మీద మటుకు రంగూ దారం చుట్టూ ఏమీ వద్దు. ఆ మందమే మౌత్‌పీసును బయట నిలబెట్టేస్తుంది.

ప్రశ్న: ట్రంపెట్ మౌత్‌పీసు ఇరుక్కుపోయింది. ఇద్దరం చెరోవైపు పట్టి లాగినా రావడం లేదు. కటింగ్ ప్లేయర్‌తో తిప్పమంటున్నారు. తిప్పవచ్చా?
– నిజామాబాద్

జవాబు: ముందు ఆ కటింగ్ ప్లేయర్ పక్కన పెట్టండి. ట్రంపెట్ లీడ్‌పైపు, అంటే రిసీవర్ నుంచి మొదలయ్యే గొట్టం, పలచటి ఇత్తడిది. దాన్ని పట్టి ఉంచేది ఒకటి రెండు చోట్ల వేసిన టంకం. పట్టి గట్టిగా తిప్పితే మౌత్‌పీసు కదలదు, గొట్టమే మెలితిరుగుతుంది, లేదా టంకం ఊడుతుంది. అప్పుడు వందల్లో పోయేది వేలల్లోకి వెళుతుంది. వైసులో బిగించి లాగడమూ అంతే. ఇద్దరు చెరోవైపు లాగినప్పుడు ఎవరో ఒకరు కాస్త పక్కకు లాగుతారు, లీడ్‌పైపు వంగేది అప్పుడే.

ఇరుక్కోవడానికి కారణాలు మూడే. మౌత్‌పీసు పెట్టాక అరచేత్తో టప్ మని కొట్టే అలవాటు మొదటిది. ఆ చప్పుడు కొందరికి సరదా, కానీ సన్నబడుతూ పోయే కాడ ఒక్క దెబ్బతో మేకు దిగినట్టు దిగిపోతుంది. రెండోది కాడ కొన సొట్టపడి ఉండడం. మూడోది ఎంగిలి, నూనె, దుమ్ము కలిసి గట్టిపడిన మురికి. సీజను అయ్యాక మౌత్‌పీసు తీయకుండానే పెట్టెలో పడేసిన వాయిద్యాల్లో ఇది ఎక్కువ.

తీసే పని ఈ వరసలో చేయండి. వాల్వ్ ఆయిల్ గానీ తుప్పు వదిలించే నూనె గానీ కాడ రిసీవర్‌లో దూరేచోట చుట్టూ నాలుగైదు చుక్కలు వేయండి. ట్రంపెట్‌ను మౌత్‌పీసు పైకి ఉండేట్టు గోడకు ఆనించి రాత్రంతా వదిలేయండి. పొద్దున రబ్బరు తొడుగు వేసుకుని, ఒక చేత్తో రిసీవర్‌నే పట్టుకుని, రెండో చేత్తో మౌత్‌పీసును కొద్దిగా తిప్పుతూ తిన్నగా లాగండి. వాల్వుల దగ్గరో, గంట (వాయిద్యం చివర విచ్చుకున్న భాగం) దగ్గరో పట్టుకుని లాగకూడదు.

రాకపోతే వేడి, చలువ వాడండి. రిసీవర్ మీద వేడినీళ్ళు ఒక నిమిషం ధారగా పోయాలి. అదే సమయంలో కప్పులో ఐసు ముక్క పెట్టాలి. బయటి గొట్టం వ్యాకోచిస్తుంది, లోపలి కాడ ముడుచుకుంటుంది. ఆ క్షణంలో లాగాలి. మంట మటుకు పెట్టవద్దు, పూత మాడిపోయి టంకం కరుగుతుంది.

అప్పటికీ కదలకపోతే చిన్న కొయ్య సుత్తితో రిసీవర్ చుట్టూ మెత్తగా తట్టండి. ఒకరు తడుతుంటే ఇంకొకరు మౌత్‌పీసును తేలిగ్గా తిప్పుతుండాలి. సుత్తి దెబ్బకు కాదు, ఆ కంపనానికి మురికి పట్టు వదులుతుంది. మౌత్‌పీసు అంచు మీద మటుకు కొట్టకూడదు.

ఇవేవీ పనిచేయకపోతే మౌత్‌పీసు పుల్లర్ కావాలి. రిసీవర్ అంచుకూ కప్పుకూ మధ్య పెట్టి రెండు వైపులా స్క్రూలు తిప్పే చిన్న పనిముట్టు అది. ఒక స్క్రూ అర చుట్టు, రెండోది అర చుట్టు, ఇలా మార్చి మార్చి తిప్పాలి. ఒకవైపే బిగిస్తే కాడ ఏటవాలుగా లాగబడి వంగుతుంది. చిన్న చప్పుడుతో వచ్చేస్తుంది, రాలి కింద పడకుండా కింద గుడ్డ పరచండి. పది మంది ఊదే బ్యాండుకు ఒకటి, ప్రతి బడి బ్యాండుకు ఒకటి ఉండాల్సిన వస్తువు ఇది. స్పేర్ మౌత్‌పీసు కంటే ముందు దీన్నే కొనమంటాం.

బయటికి వచ్చాక నూనె అంతా సబ్బునీళ్ళతో కడిగి, కాడ కొన సొట్టపడిందేమో చూడండి. సొట్ట ఉంటే మళ్ళీ ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న మౌత్‌పీసుతో వాయిద్యం మోగుతూనే ఉంటుంది కాబట్టి ముహూర్తం రోజున దీనికోసం కుస్తీ పట్టకండి, కార్యక్రమం అయ్యాక తీసుకోవచ్చు. మూత పడటం లేదని పెట్టెను నొక్కి మూయవద్దు. ఆ రోజుకు గుడ్డ చుట్టి బయటే తీసుకెళ్ళండి.

ప్రశ్న: కాడ కొన నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. మేకుతో సరిచేసుకోవచ్చా?
– ఏలూరు

జవాబు: మేకు, స్క్రూడ్రైవర్, కత్తెర కొన, ఏదీ వద్దు. వాటి ఒత్తిడి ఒక చోటే పడి కొన చీలుతుంది, లేదా బయటికి పువ్వులా విచ్చుకుని అసలే దూరదు. దీనికి కావలసింది నున్నగా సానపట్టిన, క్రమంగా సన్నబడే ఉక్కు కడ్డీ. లేతు మీద చేయించుకోవచ్చు. వేలంత పొడవు, కొన దగ్గర 6 మి.మీ., మొదట్లో 12 మి.మీ. ఉంటే ట్రంపెట్‌కూ చిన్న కాడ ట్రాంబోన్‌కూ పనికొస్తుంది. దాన్ని కాడ కొనలోకి తిన్నగా పెట్టి కొయ్య సుత్తితో తేలిగ్గా తట్టాలి. ప్రతి రెండు మూడు దెబ్బలకూ కడ్డీని తీసి, తిప్పి, మళ్ళీ పెట్టాలి. కొన గుండ్రమైన మరుక్షణం ఆపేయాలి. ఇంకా తడితే కాడ ఉబ్బుతుంది.

అంచు మీద పడ్డ గాటు సంగతి వేరు. ఉప్పుకాగితంతో రుద్దితే గాటుతోపాటు వెండిపూతా పోతుంది, అంచు ఆకారమూ మారుతుంది. పెదవి కోసుకుపోయేలా ఉంటే ఆ మౌత్‌పీసు పక్కన పెట్టి స్పేర్ వాడండి. సీజను అయ్యాక పనివాడి చేత నున్నగా చేయించి పూత వేయించుకోండి.

ప్రశ్న: నేను పాఠశాలలో బ్యాండు నేర్పిస్తాను. పది ట్రంపెట్లకు ముప్పై మంది పిల్లలున్నారు. ఒకరి తర్వాత ఒకరు అదే మౌత్‌పీసుతో ఊదుతున్నారు. గుడ్డతో తుడిస్తే సరిపోతుందా? కొన్నిటికి పూత పోయి పసుపు రంగు తేలింది. ఒక అమ్మాయికి పెదవి చుట్టూ దురద, దద్దుర్లు వస్తున్నాయి. ఏం చేయమంటారు?
– సంగీత ఉపాధ్యాయురాలు, కర్నూలు

జవాబు: అమ్మాయి సంగతి ముందు చూద్దాం టీచర్ గారూ. తన చేత లోహపు మౌత్‌పీసు ఇవాళే మాన్పించి, ప్లాస్టిక్ మౌత్‌పీసు ఒకటి ఇప్పించండి. దద్దుర్లను చర్మవైద్యులకు చూపించాలి. నికెల్ పడని పిల్లలు కొందరుంటారు, చవక మౌత్‌పీసుల మీద మెరిసేది చాలాసార్లు నికెలే. అటువంటి వాళ్ళు పెద్దయ్యాక లోహంతోనే ఊదాలనుకుంటే అంచుకు బంగారుపూత ఉన్నది వాడుకోవచ్చు.

పసుపు రంగు తేలిన వాటిని పిల్లలకు ఇవ్వకండి. లేతు మీద తేలిగ్గా తెగాలని వాడే ఇత్తడిలో 3 శాతం దాకా సీసం కలుస్తుంది. పూత ఉన్నంతకాలం ఫరవాలేదు. అంచు మీద ఇత్తడి బయటపడ్డ మౌత్‌పీసు రోజూ గంటసేపు నోటికి ఆనడం మాత్రం పిల్లల విషయంలో ఒప్పుకోదగ్గది కాదు. మళ్ళీ పూత వేయించండి, లేదా తీసేయండి.

ఇక పంచుకోవడం గురించి. ట్రంపెట్‌ను ముగ్గురు పంచుకోవచ్చు, మౌత్‌పీసును పంచుకోకూడదు. ముప్పై మందికి ముప్పై మౌత్‌పీసులు ఉండాలి. బడి బడ్జెట్‌లో ట్రంపెట్ ఒకటి తక్కువ కొన్నా సరే, ఈ ఖర్చు పెట్టించండి. జలుబు, నోటి పుళ్ళు ఒకరినుంచి ఒకరికి పాకేది ఇక్కడే. పెదవి మీద నీటిపొక్కులున్న పిల్లలు మానేదాకా ఊదకుండా ఉంటే వాళ్ళ పెదవికీ మంచిది. పొడిగుడ్డతో తుడవడం వల్ల అంచు మీద తడి పోతుంది గానీ గొంతులో ఉన్నది కదలదు.

తప్పనిసరిగా ఒకరిది ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తే ఇలా చేయండి. చేతికి ఓర్చుకునేంత వెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే ద్రవం నాలుగు చుక్కలు వేసి మౌత్‌పీసును పది నిమిషాలు నాననివ్వండి. మౌత్‌పీసు బ్రష్‌ను కప్పు వైపునుంచి ఒకసారి, కాడ వైపునుంచి ఒకసారి దూర్చి నాలుగైదుసార్లు తిప్పండి. బ్రష్ కొనలో తీగ బయటికి పొడుచుకుని ఉంటే పారేయండి. గొంతు గీసుకుపోతే దాని కొలతే మారిపోతుంది. ట్రంపెట్ గొంతు మామూలుగా 3.66 మి.మీ. మాత్రమే, అక్కడ చిన్న గీత కూడా లెక్కలోకి వస్తుంది. కుళాయి కింద కడిగి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో లోపలా బయటా తడిపి, దానంతట అదే ఆరనివ్వండి. బట్టలకు వాడే బ్లీచింగ్ నీళ్ళు వద్దు, వెండినీ ఇత్తడినీ రెండింటినీ తినేస్తాయి. ప్లాస్టిక్‌వాటిని మరిగే నీళ్ళలో వేయకూడదు.

సొంత మౌత్‌పీసైనా వారానికొకసారి ఇలా కడగాలి. నిలబెట్టి వెలుతురులోకి చూస్తే గొంతులో పచ్చగా, బూడిదరంగులో పేరుకున్న పొర కనిపిస్తుంది. అది గాలిని అడ్డుకుంటుంది, శబ్దం మూసుకుపోయినట్టు వస్తుంది.

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. మా అబ్బాయి హైస్కూలు బ్యాండులో ఉన్నాడు. కాన్సర్టులో ఫ్రెంచ్ హార్న్, ఫుట్‌బాల్ ఆటల సమయంలో మార్చింగ్ బ్యాండులో మెల్లొఫోన్ వాయిస్తాడు. హార్న్ మౌత్‌పీసే ఇంకోటి స్పేర్‌గా కొంటే రెండింటికీ వస్తుందా? ఎండకు మౌత్‌పీసు కాలిపోతోందంటున్నాడు, ప్లాస్టిక్ మంచిదేనా?
– ఒక తల్లి, ఫ్రిస్కో

జవాబు: రెండింటికీ రాదమ్మా. హార్న్ కాడ సన్నగా ఉంటుంది, కప్పు గరాటులా లోతుగా దిగుతుంది. మార్చింగ్ మెల్లొఫోన్ రిసీవర్ ట్రంపెట్ కాడకు సరిపడేట్టు చేసి ఉంటుంది. మధ్యలో అడాప్టర్ పెట్టి హార్న్ మౌత్‌పీసుతో ఊదేవాళ్ళు ఉన్నారు, పెదవికి అలవాటైన అంచు దొరుకుతుందన్నది దాని లాభం. శబ్దం మటుకు మెత్తబడుతుంది, మైదానంలో దూరానికి వినపడదు, శ్రుతి కూడా జారుతుంది. మెల్లొఫోన్ మౌత్‌పీసుతోనే ఊదమని బ్యాండు డైరెక్టర్లు అడగడానికి కారణం అదే. అందువల్ల మీవాడికి కావలసినవి స్పేర్ ఒకటి కాదు, రెండు వాయిద్యాలకు రెండు మౌత్‌పీసులు. వాటిలో ఏ మోడల్ కొనాలో డైరెక్టర్‌నే అడగండి. ఒక వరసలో వాళ్ళందరిదీ ఒకే శబ్దం ఉండాలని చాలా బడులు మోడల్ నిర్ణయించి చెబుతాయి. ఆ తర్వాత స్పేర్ మెల్లొఫోన్‌దే కొనండి. మైదానంలో పరుగులు పెట్టేటప్పుడు పడిపోయేది అదే.

ప్లాస్టిక్ విషయంలో అబ్బాయి చెప్పింది నిజమే. ఆగస్టు ఎండలో పచ్చిక మీద పది నిమిషాలు వదిలిన లోహపు మౌత్‌పీసు పెదవికి ఆనించలేం. చలికాలంలో దానికి తలకిందులు, పెదవి మొద్దుబారుతుంది. కెల్లీ వంటి కంపెనీల పాలికార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) మౌత్‌పీసులు రెండు కాలాలకూ మధ్యేమార్గం. కింద పడినా సొట్టపడవు, ధర తక్కువ. కానీ తేలిక కాబట్టి స్వరం బిగిసి నిలిచే తీరు వేరుగా అనిపిస్తుంది. అలవాటయ్యేదాకా ఇంట్లో ఊదనివ్వండి, ఆట రోజున మొదటిసారి పెట్టవద్దు. అసలు మౌత్‌పీసును విరామాల్లో వాయిద్యంలో వదలకుండా జేబులో గుడ్డసంచిలో పెట్టుకోమనండి, ఎండ సమస్య సగం అక్కడే తీరుతుంది.

ప్రశ్న: 7సి నంబరు మౌత్‌పీసు మీద ఊదుతున్నాను. ఎలాగూ రెండోది కొంటున్నాను కదా, శబ్దం పెద్దగా రావడానికి 1½సి కొనుక్కుంటే? యమహాలో నంబర్లు ఎందుకు వేరుగా ఉంటాయి?
– ట్రంపెట్ వాద్యకారుడు, వరంగల్

జవాబు: విన్సెంట్ బాక్ 1918లో న్యూయార్క్‌లో మౌత్‌పీసుల తయారీ మొదలుపెట్టారు. ఆయన పెట్టిన లెక్కలో నంబరు చిన్నదైతే కప్పు పెద్దది. 7సి లోపలి వ్యాసం 16.20 మి.మీ., 3సి 16.30, 1½సి 17.00. అక్షరం లోతు చెబుతుంది, ఏ అంటే లోతైనది, సి మధ్యస్థం, ఇ లోతు తక్కువ. యమహా లెక్క దీనికి తలకిందులు. నంబరు పెరిగితే వ్యాసం పెరుగుతుంది, ఏ అంటే లోతు తక్కువ, ఇ అంటే లోతు ఎక్కువ, చివరి అంకె అంచు తీరు. మీ 7సికి యమహాలో దగ్గరగా వచ్చేది 11బి4. కంపెనీలు వ్యాసాన్ని ఒకే లోతు దగ్గర కొలవవు, కాబట్టి రెండు కేటలాగుల అంకెలు పక్కపక్కన పెట్టి తేల్చుకోలేం. పెదవికి ఆనించి చూడాల్సిందే.

1½సి కొనవద్దనము, స్పేర్‌గా కొనవద్దంటాం. 7సి నుంచి 1½సికి 0.80 మి.మీ. తేడా. కాగితం మీద అది చిన్నదే, పెదవి మీద చాలా పెద్దది. అంచు లోపల కదిలే పెదవి భాగం పెరుగుతుంది, దాన్ని అదుపులో పెట్టడానికి కండ బలం కావాలి. ఊరేగింపులో మూడు గంటలు నడుస్తూ ఊదేవాళ్ళకు ఇది మోయలేని బరువు. పెదవి వాచినప్పుడు వెడల్పు అంచుకు మారితే హాయిగా ఉంటుందన్న మాట బ్యాండ్లలో వినిపిస్తుంటుంది. మొదటి పది నిమిషాలు నిజంగానే హాయిగా ఉంటుంది, తర్వాత ఉన్న శక్తి కూడా పోతుంది. వాచిన పెదవికి విశ్రాంతి ఇవ్వాలి. శబ్దం పెంచుకోవాలనుకుంటే ఆషాఢంలో 3సి మీద రోజూ అరగంట సాధన చేసి చూడండి. నచ్చితే అసలుదీ స్పేరూ రెండూ 3సికి మార్చండి.

ప్రశ్న: నాలుగు నెలలు పెట్టెలో ఉంచి తీస్తే స్పేర్ మౌత్‌పీసు నల్లబడింది. చింతపండు పెట్టి తోమాను, తెల్లగా వచ్చింది గానీ అక్కడక్కడ ఎర్రమచ్చలు కనిపిస్తున్నాయి. ఎక్కడ పొరపాటు జరిగింది?
– రాజమహేంద్రవరం

జవాబు: చింతపండు ఇత్తడి బిందెకు మంచిదే, వెండిపూత మౌత్‌పీసుకు కాదు. పులుపు, పీచు కలిసి పలచటి పూతను అరగదీశాయి. కింద బయటపడ్డ ఇత్తడిలోంచి పులుపు జింకును లాగేసింది, మిగిలిన రాగే మీకు కనిపించే ఎర్రమచ్చ. ఇత్తడి సామాను తోమే పొడులూ ఇదే పని చేస్తాయి. మచ్చలు అంచు మీద ఉంటే పూత వేయించాలి. కప్పు బయట, కాడ మీద ఉంటే వాడుకోవచ్చు.

నలుపు పోగొట్టే తేలిక పద్ధతి ఒకటుంది. గిన్నెలో అల్యూమినియం రేకు మెరిసేవైపు పైకి పరిచి, లీటరు వేడినీళ్ళు పోసి, రెండు పెద్ద చెంచాల వంటసోడా కలపండి. మౌత్‌పీసు రేకుకు తగిలేట్టు రెండు మూడు నిమిషాలు ఉంచండి. నలుపు వెండి మీదనుంచి వదిలి రేకు వైపు పోతుంది, వెండి అరగదు. తీసి బాగా కడిగి మెత్తటి గుడ్డతో ఆరబెట్టండి. ఇది వెండిపూత వాటికే, ప్లాస్టిక్‌కూ లక్క పూసినవాటికీ వద్దు.

నల్లబడటానికి కారణం గంధకం. స్పేర్‌కు చుట్టిన రబ్బరు బ్యాండు, పెట్టెలో పడేసిన రబ్బరు ముక్క, ఉన్ని గుడ్డ, వీటన్నిటిలో గంధకం ఉంటుంది. అవి తీసేయండి. కడిగి పూర్తిగా ఆరాక నూలుగుడ్డలో చుట్టి, జిప్ కవరులో మందుల సీసాలో వచ్చే సిలికా జెల్ పొట్లంతో కలిపి పెట్టండి. కవరులోనిది వాయిద్యం పెట్టెలో విడిగా దొర్లకూడదు. లారీ కుదుపులకు అదే వాయిద్యం గంటకు సొట్ట పెడుతుంది. పెట్టెలో దానికి గుంట లేకపోతే మేస్త్రి సంచిలో ఉంచండి. నాణేలు, తాళాలు ఉన్న జేబులో మటుకు వద్దు.

నెలకొకసారి స్పేర్‌ను బయటికి తీసి, ఒక రోజు సాధన మొత్తం దానిమీదే చేయండి. పెదవికి రెండూ ఒకటిగా ఉండాలి, ట్యూనింగ్ స్లైడు (శ్రుతి సరిచేయడానికి లాగే గొట్టం) ఎంత లాగాలో కూడా ముందే తెలిసి ఉండాలి. స్పేర్ పెడితే స్లైడు స్థానం మారుతోందంటే రెండూ కవలలు కావన్నమాట. ఎంత మారుతోందో కొలిచి, కవరు మీద రాసి పెట్టుకోండి.

ప్రశ్న: ట్రంపెట్ మౌత్‌పీసు ఎన్‌సీసీ బ్యూగిల్‌కు పడుతుందా?
– కళాశాల విద్యార్థి, ఖమ్మం

జవాబు: బ్యూగిల్ రిసీవర్లన్నీ ఒకే కొలతలో ఉండవు. కొన్నిటికి పడుతుంది, కొన్నిటిలో ఊగుతుంది. బ్యూగిల్ చేతిలో పట్టుకుని కొట్టుకు వెళ్ళి, తెనాలి మేస్త్రి గారికి చెప్పిన ఊపు పరీక్ష చేయండి. కాస్త వదులైతే కాడకు ఒక చుట్టు పలచటి కాగితం చుట్టి పరేడు గట్టెక్కించవచ్చు. తర్వాత తీసేయాలి, తడిసిన కాగితం రిసీవర్‌లో అతుక్కుని కొత్త మౌత్‌పీసును కూడా లోపలికి దిగనివ్వదు. స్పేర్‌ను చిన్న గొలుసుతో బ్యూగిల్‌కే కట్టుకోండి.